ముందు వరుసలో ఇరవై మంది

నర్సాపురం,
ఆగస్టు 4

చిరంజీవి లోకనాథ్‌కి మావయ్య దీవెనలు.

నిన్న నువ్వు ఫోను చేసినప్పుడు కొట్లో ఇద్దరు ఒకే వల కోసం జుట్లు పట్టుకునే దాకా వచ్చేరు. అందుకని నువ్వు చెప్పిందాంట్లో సగమే చెవిన పడింది. ఇప్పుడు కొట్టు ఖాళీ. వాయిస్ మెసేజ్ పెడితే నువ్వు వినవు, క్లాసంటావు. అందుకే మెయిలు కొడుతున్నాను. బిల్లులు కొట్టి కొట్టి వేళ్ళు అలవాటైపోయేయి. తప్పులుంటే దిద్దుకో, నీ పని అదే కదా.

నాకర్థమైంది ఇది. రాజమండ్రిలో మీ కాలేజీవాళ్ళు మూడు రోజులు సినిమాలేస్తారు. తెలుగువి కాదు, హిందీవి కాదు, ఇంగ్లీషువి కూడా కాదు. స్పెయిన్ భాషవి. చూసేవాళ్ళకి ఆ భాష రాదు, వేసేవాళ్ళకీ రాదు. కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెడతాయి, వాటి వెనకాల మనం పరిగెట్టాలి. ఆ సినిమాలన్నీ ఒక్కటే సంగతి చెప్తాయి. మనలాంటివాడు కానివాడు మనకి ఎదురుపడితే ఏమవుతుందీ అని.

ఏమవుతుందిరా? నా కొట్లోకి రోజూ వస్తారు. ఒడిశావాళ్ళు వస్తారు, తమిళంవాళ్ళు వస్తారు, మొన్నొకాయన బెంగాలీవాడు వచ్చి చేతులతోనే బేరం చేసేడు. వల కావాలా తాడు కావాలా అని అడుగుతాను. ఇస్తాను. పట్టుకుపోతారు. దీనికి మూడు రోజులు చీకట్లో కూర్చోడమెందుకు?

సరే, నాకు చదువు లేదు, మీకు ఉంది. నువ్వు కమిటీలో ఉన్నావని అక్కకి చెప్పేను. అంతే, చేపల మార్కెట్టంతా చాటేసింది. "మా లోకం కాలేజీలో సినిమాలు వేస్తున్నాడు" అంటూ చందువాలతో పాటు ఆ కబురు కూడా తూకమేసి ఇస్తోంది. మీ అమ్మ సంగతి తెలుసు కదా. మీ నాన్న పోయిన దగ్గర్నుంచి ఆవిడకి రెండే పనులు. చేపలమ్మడం, నీ గురించి చెప్పడం.

నా వల్ల ఏదో సాయం కావాలన్నావు. ఏంటది? వలలైతే పంపిస్తాను. నీ ఉద్యోగానికి పనికొచ్చేదైతే ఏదైనా చేస్తాను. రాయి.

మావయ్య
పల్లంరాజు

—

రాజమహేంద్రవరం,
ఆగస్టు 9

మావయ్యకి నమస్కారాలు.

మీ మెయిల్ చదివి నవ్వుకున్నాను. మా స్టాఫ్ రూములో ఉన్న ఎనిమిది మంది కంటే మీకే ఎక్కువ అర్థమైంది. వాళ్ళకి స్పెయిన్ ఎక్కడుందో కూడా తెలీదు. పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. పోయినేడాది ఫ్రెంచి సినిమాలు వేస్తే హాల్లో తొమ్మిది మంది కూర్చున్నారు, అందులో నలుగురు ఏసీ కోసం. మిగతా ఐదుగురు ఫోన్లు చూసుకున్నారు.

ఈసారి అలా కుదరదు. పండగ పేరు 'వ్యత్యాసంతో ముఖాముఖి'. ఢిల్లీలో ఉంటున్న స్పెయిన్ మేడమ్ ఒకావిడ ఆఖరి రోజు వస్తున్నారు. ఆ రోజు సినిమా చిలీ దేశంలో ఒక దీవిది. పట్నం నుంచి ఒక టీచరమ్మ అక్కడి చేపలు పట్టేవాళ్ళ పిల్లలకి చదువు చెప్పడానికి వెళ్తుంది. మొదట వాళ్ళని చూసి భయపడుతుంది, తర్వాత వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. మా ప్రిన్సిపాల్ సాంబశివరాజు గారికి ఒక ఆలోచన వచ్చింది. ఆ రోజు ముందు వరుసలో ఇరవై మంది అసలైన మత్స్యకారుల్ని కూర్చోబెట్టాలట. సినిమా అయ్యాక మేడమ్ వాళ్ళతో మాట్లాడతారట. ఆ ఇరవై మందిని తెచ్చే బాధ్యత నాకిచ్చారు.

మావయ్యా, విషయం మీకు సూటిగా చెప్తాను. నా కాంట్రాక్టు సెప్టెంబరుతో అయిపోతుంది. ఇంగ్లీషులో ఇద్దరం కాంట్రాక్టువాళ్ళం ఉన్నాం, నేను, శ్రీసత్య గారని ఒకావిడ. ఒక్కరినే ఉంచుతారు. ఈ ఆఖరి రోజు బాగా జరిగితే ఉండేది నేను. లేకపోతే మళ్ళీ ట్యూషన్లు.

బస్సు కాలేజీదే వస్తుంది. భోజనం ఉంటుంది. రెండే కోరికలు. మగవాళ్ళు పంచె కట్టుకుని తలపాగాతో వస్తే బాగుంటుందని ప్రిన్సిపాల్ గారన్నారు. స్టేజి మీద వేలాడదీయడానికి కొన్ని వలలు కూడా కావాలి. కొత్తవి వద్దు, పాతబడినవి.

మనవాళ్ళలో కాస్త నెమ్మదైనవాళ్ళని చూడండి. హాల్లో ఒకరినొకరు అరిచి పిలుచుకునేవాళ్ళు వద్దు.

లోకనాథ్

—

నర్సాపురం,
ఆగస్టు 12

చిరంజీవి లోకనాథ్‌కి,

కొట్లో ఇది చదువుతుంటే త్రిమూర్తులు పక్కనే ఉన్నాడు. పైకి చదివేను. పంచె, తలపాగా అనేసరికి వాడు తన నైట్‌ప్యాంటు వైపు చూసుకుని, నేను వేటకి ఇదే వేసుకెళ్తున్నాను కదా, మరి నేను అసలైనవాణ్ణి కాదా అని అడిగేడు. ఏం చెప్పమంటావు? మీ ప్రిన్సిపాల్ గారు చివరిసారి చేపలు పట్టేవాణ్ణి క్యాలెండర్ బొమ్మలో చూసుంటారు అన్నాను.

మంది దొరికేరు. ఆదివారమైతే ఇంకా వచ్చేవారు. పదకొండు మంది మగాళ్ళు, ఎనిమిది మంది ఆడాళ్ళు, నేను. నీ ఉద్యోగం కోసమని చెప్తే ఒక్కడూ కాదనలేదు. ఆ రోజు వేట మానుకుని వస్తున్నారు, గుర్తుపెట్టుకో.

వలల సంగతి. ముందు కొత్త ఆకుపచ్చ వల ఒకటి పంపిస్తే మీ కాలేజీ నుంచి ఎవరో ఫోను చేసి ఇది ప్లాస్టిక్కులా ఉందండీ అన్నారు. ప్లాస్టిక్కే కదండీ, దీంతోనే పడతాయి చేపలు అన్నాను. కాదు, జీవం ఉన్నది కావాలన్నారు. రేవులో పారేసిన చిరుగుల వల మూడు మూటలు కట్టి పంపించేను. దానికి జీవం బాగా ఉంటుంది, మూట విప్పితే వాళ్ళకే తెలుస్తుంది.

నెమ్మదైనవాళ్ళు కావాలన్నావు. నడి సముద్రంలో ఒక పడవ నుంచి ఇంకో పడవకి నెమ్మదిగా చెప్తే వినపడదురా అల్లుడూ. ఆ గొంతులు అక్కడ తయారైనవి. ఆ గొంతుల మధ్యే నువ్వూ పెరిగేవు. సరే, హాల్లో అరవద్దని చెప్తాను.

అక్క కూడా వస్తానంటోంది. నీ హాలు, నీ స్టేజి చూడాలట. ఆవిడతో ఆడాళ్ళు తొమ్మిది. నేను డ్రైవరు పక్కన కూర్చుంటాను, లెక్కలో లేను. నీకు ఇరవై సరిపోయేరు.

మావయ్య

—

రాజమహేంద్రవరం,
ఆగస్టు 28

మావయ్యకి,

ఇది మీరొక్కరే చదవండి. కొట్లో పైకి చదవకండి.

అమ్మ రావద్దు. మోకాళ్ళ నొప్పులతో మూడు గంటల బస్సు ప్రయాణం కష్టం. పండగలన్నీ అయ్యాక నేనే ఒకరోజు తీసుకొచ్చి కాలేజీ చూపిస్తాను.

మీరు ఊరుకోరని తెలుసు, అందుకే అసలు కారణం కూడా చెప్తున్నాను. ఇక్కడ చేరిన కొత్తలో మీ నాన్నగారేం చేసేవారని ఎవరో అడిగితే ఎక్స్‌పోర్ట్ బిజినెస్ అన్నాను. రొయ్యలు, చేపలు విదేశాలకి పంపేవారని. ఎందుకన్నానో నాకే తెలీదు, నోట్లోంచి వచ్చేసింది. తర్వాత దాన్ని మోయాల్సి వచ్చింది. స్టాఫ్ రూములో అందరూ భీమవరం, తణుకు పెద్ద కుటుంబాలవాళ్ళు. ఒకరి చెరువులు ఎన్నెకరాలో ఇంకొకరికి లెక్క. వాళ్ళ మధ్య రెండేళ్ళు నెట్టుకొచ్చాను. ఈ ఒక్క నెలలో అది పోగొట్టుకోలేను.

కాబట్టి వచ్చినవాళ్ళు నన్ను తెలిసినట్టు మాట్లాడకూడదు. ఒరేయ్ లోకం అని ఎవరూ అనకూడదు. సార్ అంటే చాలు. మీరు కూడా. నాకు ఎలాగో పరిచయమైన వలల వ్యాపారి మీరు, అంతే.

ఇది తప్పని మీరు రాయక్కర్లేదు. తప్పని నాకూ తెలుసు. కానీ మనవాళ్ళ మాటతీరు, నడక చూస్తే వీళ్ళు మొహాన ఎలా నవ్వుతారో, వెనక ఎలా నవ్వుతారో మీకు తెలీదు. నేను రోజూ చూస్తున్నాను.

లోకనాథ్

—

నర్సాపురం,
సెప్టెంబరు 1

లోకనాథ్ గారికి,

మీ ఉత్తరం అందిందండి. మీరు చెప్పినట్టే చేస్తామండి. మీ అమ్మగారికి తప్ప అందరికీ చెప్పేను. త్రిమూర్తులు మాత్రం, చిన్నప్పుడు ఆ సారుకి ఈత నేర్పింది నేనే కదా, మునిగిపోతుంటే జుట్టు పట్టుకుని లాగేను, అప్పుడు సార్ అనలేదే అన్నాడు. వాణ్ణి ఊరుకోబెట్టేను.

మీ అమ్మగారికి మాత్రం నేను రావద్దని చెప్పలేను. అంత పెద్ద నోరు నాకు లేదు. కావాలంటే మీరే ఫోను చేసి చెప్పుకోండి.

వలల వ్యాపారి
పల్లంరాజు

—

నర్సాపురం,
సెప్టెంబరు 20

లోకనాథ్‌కి,

నువ్వు ఫోను చెయ్యలేదు. అక్క వచ్చింది. ఆ రోజు నువ్వు స్టేజి మీదా కిందా పరిగెడుతూ ఏం చూసేవో, ఏం చూడలేదో నాకు తెలీదు. నేను కూర్చున్న చోట నుంచి కనిపించింది రాస్తున్నాను. చదువుకో.

రావులపాలెం దాటేక బస్సులో నీ షరతు అక్కకి చెప్పేను. ఏడుస్తుందేమో అనుకున్నాను. కిటికీలోంచి కడియం నర్సరీలు చూస్తూ, సరేలేరా, వాడి ఉద్యోగం, సార్ అంటే నా నోరేం అరిగిపోదు అంది. ఇంకా మన ఆడాళ్ళందరికీ తనే చెప్పింది, ఎవరూ వాణ్ణి ఇబ్బంది పెట్టకండే అని. అంతవరకు ఆవిడకి కోపం లేదు. ఇది బాగా గుర్తుపెట్టుకో.

గేటు దగ్గర ఒక కాగితమిచ్చి ఇంటిపేర్లతో సహా రాసి సంతకాలు పెట్టమన్నారు. పేర్లు నేను రాసేను, అక్క సంతకం అక్కే పెట్టుకుంది. తర్వాత మీ శ్రీసత్య మేడమ్ ఒక సంచీ తెచ్చి మగాళ్ళందరికీ ఎర్రగుడ్డ తలపాగాలు చుట్టించింది. త్రిమూర్తులు చెవిలో బ్లూటూత్ పెట్టుకుని దాని మీద తలపాగా చుట్టుకున్నాడు. ఫోటోలు తీసేరు. నా చిరుగుల వల స్టేజి మీద వేలాడుతోంది, దాని వెనక నీలం లైటు, చుట్టూ అద్దెకి తెచ్చిన కుండీ మొక్కలు. హాలంతా మల్లెపూల సెంటు కొట్టేరు. అయినా వల గెలిచింది.

ముందు వరుస సోఫాల మీద ఒక కాగితం అంటించేరు, 'మత్స్యకారులు' అని. రైల్లో సామాను పెట్టెకి అంటించినట్టు.

సినిమా సంగతి. అందులో చేపలు పట్టేవాడికి గోళ్ళు తెల్లగా ఉన్నాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నైలాన్ వల ఎండలో పరిచేడు, మన దగ్గర అలా చేస్తే తాతలు తంతారు, నాలుగు రోజుల్లో పీచులు పీచులుగా తెగిపోతుంది. గంటన్నర సినిమాలో ఆ దీవిలోవాళ్ళు పది మాటలు మాట్లాడలేదు. ఊరికే సముద్రం వైపు చూసేరు. సముద్రం మీద బతికేవాడు సముద్రం వైపు అంతసేపు చూడడురా. చూసేది బీచికి వచ్చినవాళ్ళు. మాటలన్నీ ఆ టీచరమ్మవే. వాళ్ళని చూసి ఆవిడ ఎంత మారిపోయిందో ఆవిడే చెప్తూ ఉంటుంది. ఆవిణ్ణి చూసి వాళ్ళేమనుకున్నారో ఎవడూ అడగలేదు.

మీ పిల్లలు మాత్రం హాలు నిండా వచ్చేరు. హాజరు వేస్తారని చెప్పేరట.

అయిపోయేక ఆ స్పెయిన్ మేడమ్ కిందికి దిగింది. మంచావిడే, ఆవిడ్ని నేనేమీ అనను. ఆవిడ ఇంగ్లీషులో అడగడం, నువ్వు మైకు పట్టుకుని తెలుగులో చెప్పడం. త్రిమూర్తుల్ని ఏదో అడిగితే వాడు బాగుందండి అన్నాడు. నన్నడిగితే వల గురించి చెప్దామని లేచేను, నువ్వు మైకు ఇటు తీసుకురాలేదు. అప్పుడావిడ మన వరుసంతా చూసి అక్క ముందు ఆగింది. నీలం చీర కట్టుకుని నిటారుగా కూర్చుంది కదా, ఎవరికైనా కంట పడుతుంది. ఆవిడ ఏదో అడిగింది. నువ్వు ఒక్క క్షణం ఆగేవు. ఆ క్షణం నేను చూసేను. ఆ తర్వాత వంగి మైకు అక్క నోటి దగ్గర పెట్టేవు.

"మీకు పిల్లలున్నారా అని మేడమ్ గారు అడుగుతున్నారండి."

నిన్ను కన్నావిణ్ణి నువ్వడిగిన మాట అది. ఐదొందల మందిలో, మైకులో.

అక్క నీ మొహంలోకి చూసింది. నువ్వు మైకు వైపు చూసేవు. నేనైతే ఆవిడ నోరు తెరిస్తే ఏమవుతుందో అని సోఫా చెయ్యి పట్టుకున్నాను.

"ఉన్నాడండి సారూ. ఒక్కడే."

ఎక్కడుంటాడని ఆవిడ అడిగింది. నువ్వు అదీ తెలుగు చేసేవు.

"తెలీదండి. చదువుకోడానికి వెళ్ళేడండి, ఎక్కడున్నాడో తెలీదండి."

నువ్వు దాన్ని ఇంగ్లీషు చేసి చెప్పేవు. తడబడకుండా చెప్పేవు. హాలంతా చప్పట్లు. స్పెయిన్ మేడమ్ కళ్ళు తుడుచుకుని అక్కని కావిలించుకుంది. మీ ప్రిన్సిపాల్ గారు లేచి నిలబడి మరీ కొట్టేరు. నువ్వు కూడా మైకు చంకలో పెట్టుకుని రెండు చేతులా కొట్టేవు.

తిరుగు బస్సులో ఎవరూ ఏమీ తినలేదు. మీవాళ్ళిచ్చిన పులిహోర పొట్లాలు అలాగే తెచ్చి డ్రైవరుకి ఇచ్చేసేం.

పల్లంరాజు

—

రాజమహేంద్రవరం,
సెప్టెంబరు 22

మావయ్యకి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేనేదో ముందే అనుకుని చేసినట్టు రాశారు. ఆ మేడమ్ ఆ ప్రశ్న అడుగుతారని నాకెలా తెలుస్తుంది? ఆవిడ అడిగారు, నేను అనువాదం చేశాను. అక్కడ ఆగిపోతే ఏం జరిగేది? ఇరవై మందిని వేట మానిపించి తెచ్చింది దేనికి?

అమ్మని రావద్దన్నాను. మీరు తెచ్చారు. అది మర్చిపోయి నా చేతుల వైపు, నా చప్పట్ల వైపు చూశారు. సార్ అనడానికి ఒప్పుకున్న మనిషి అక్కడ అలా జవాబు చెప్పాలా? ఉన్నాడండి అని ఊరుకుంటే సరిపోయేది కదా. ఎక్కడున్నాడో తెలీదని అనడమెందుకు? నన్ను అక్కడికక్కడ కొట్టడానికి కాదా?

సినిమా గురించి కూడా మీకు వల ఒక్కటే కనపడింది. అందులో చూడాల్సింది వేరే ఉంది.

ఏమైతేనేం, గండం గడిచింది. ఎవరికీ ఏమీ తెలీలేదు. కాంట్రాక్టు నాకే వస్తుందని ఆఫీసులో అంటున్నారు. వచ్చే నెల అమ్మకి మోకాళ్ళు చూపించడానికి ఇక్కడ పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. రెండు రోజుల నుంచి ఫోను చేస్తుంటే మాట్లాడట్లేదు. మీరు కాస్త చెప్పండి.

లోకనాథ్

—

నర్సాపురం,
సెప్టెంబరు 29

లోకనాథ్‌కి,

చెప్పేను. నీ ఫోను వచ్చినప్పుడు నేనే ఎత్తి ఆవిడ చెవి దగ్గర పెట్టేను. ఏం జరిగిందో నువ్వు విన్నావు కదా. నమస్కారమండి సారూ, బాగున్నారాండి, మీ కాలేజీలో అందరూ బాగున్నారాండి అని నాలుగు ముక్కలు మాట్లాడి ఫోను నాకిచ్చేసి చేపలు తోమడానికి వెళ్ళిపోయింది. వేళాకోళమని నువ్వు అనుకుంటున్నావేమో. కాదు. అలా పిలవమని నువ్వే కదా చెప్పింది, నేర్చుకుంది. మన గోదావరి జిల్లాల్లో మర్యాదకేం లోటు? దూరంగా పెట్టాలనుకున్నవాణ్ణి అండీ గారూ అని ఎంత దూరమైనా తీసుకెళ్ళి పెట్టొచ్చు.

మార్కెట్లో నీ కబుర్లు చెప్పడం మానేసింది. పక్కన చేపలమ్మే బేబీ నీ గురించి అడిగితే వంజరం చేప ధర చెప్పింది.

అక్కనెందుకు తెచ్చేవన్నావు. నిజమే, తెచ్చేను. కొడుకు స్టేజి మీద ఉంటే చూసే హక్కు ఆవిడకుందని తెచ్చేను. అందులో నా తప్పుంటే నేను మోస్తాను. నీది నువ్వు మొయ్యి, నా కొట్లో దించకు.

మోకాళ్ళకి డాక్టరు ఇక్కడా ఉన్నాడు.

పల్లంరాజు

—

రాజమహేంద్రవరం,
అక్టోబరు 8

మావయ్యా,

ఇవాళ జరిగింది మీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

పొద్దున ప్రిన్సిపాల్ గారు పిలిచారు. కాంట్రాక్టు కాగితం టేబుల్ మీద ఉంది. సంతకం పెట్టాను. కాఫీ తెప్పించారు. చాలా సంతోషంగా ఉన్నారు. స్పెయిన్ మేడమ్ ఢిల్లీ నుంచి మెచ్చుకుంటూ రాశారట. అప్పుడన్నారు.

"మీ అమ్మగారు భలే చేశారండి లోకనాథ్ గారూ. ఆ జవాబు మీరు నేర్పిందేనా, ఆవిడ సొంతమా?"

కప్పు టేబుల్ మీద పెట్టేశాను. మీకెలా తెలుసండీ అని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయారు. ఉద్యోగంలో చేరేటప్పుడు నేనిచ్చిన కుల ధ్రువపత్రం ఫైల్లో ఉంది. తల్లి పేరు ఉంది. ఆ రోజు గేటు దగ్గరి కాగితంలో మీ చేత్తో తిరుమాని సుబ్బాయమ్మ అని రాశారు, నా ఇంటిపేరూ తిరుమానే. ఇది తెలియకపోవడానికేముందండీ అన్నారు. మీవాళ్ళయితే మీరు పిలిస్తే వస్తారనే కదా ఆ పని మీకిచ్చాం అన్నారు. తల్లీకొడుకులిద్దరూ ఎవరో పరాయివాళ్ళలా అంత నిండుగా నిలబడి మాట్లాడితే మేమంతా ముందే అనుకుని చేశారనుకున్నాం, చాలా ప్రొఫెషనల్‌గా ఉందండీ అని మెచ్చుకున్నారు. వచ్చే ఏడాది కూడా అలాంటిదే ఒకటి పెట్టాలట.

బయటికొచ్చి శ్రీసత్య గారిని అడిగాను. ఆవిడ తలపైకెత్తకుండానే చెప్పారు. మొదటి నెల నుంచే అందరికీ తెలుసట. నేను లేనప్పుడు నాకు స్టాఫ్ రూములో పేరు 'ఎక్స్‌పోర్టు' అట. ఎవరూ ఏమీ అనలేదు, మీరే చెప్పుకుంటున్నారు కదా, ముచ్చట పడుతున్నారని ఊరుకున్నాం అన్నారు. ఆవిడ ఉద్యోగం పోయింది కాబట్టి ఆ మాత్రమైనా నిజం చెప్పారు.

ఆ రోజు ఆ హాల్లో ఆ ఐదొందల మందిలో తెలియాల్సిన ప్రతివాడికీ తెలుసు మావయ్యా. తెలిసి చప్పట్లు కొట్టారు. నేను ఎవరి దగ్గర దాస్తున్నాననుకుని అమ్మని అడిగానో వాళ్ళందరూ తెలిసే కూర్చున్నారు. వాళ్ళ ముందు నేను పరాయివాణ్ణి కాలేకపోయాను, అమ్మ దగ్గర అయ్యాను.

ఎక్కడున్నాడో తెలీదని అమ్మ ఎందుకందని మీకు రాశాను. సిగ్గులేకుండా రాశాను.

ఈ శనివారం ఇంటికొస్తాను. అమ్మ కాళ్ళ మీద పడతాను. మీరు కూడా ఉంటే కాస్త ధైర్యం.

లోకనాథ్

—

నర్సాపురం,
అక్టోబరు 10

లోకనాథ్‌కి,

చదివేను. నీ మీద జాలి పడదామని కాసేపు ప్రయత్నించేను. వాళ్ళకి తెలిసిపోయిందని నీకు ఏడుపు వచ్చింది. తెలియకపోయి ఉంటే ఈ ఉత్తరం రాసుండేవాడివి కాదు. ఇది అన్నందుకు కోపం తెచ్చుకో, పర్వాలేదు.

మీ ప్రిన్సిపాల్ గారిని తిట్టి రాద్దామనుకుని ఊరుకున్నాను. ఆయన తల్లీకొడుకుల్ని చూసి నాటకమనుకున్నాడు. ఆయనకి కనపడ్డది అదే కదా.

శనివారం ఇంటికి రావద్దు. తలుపేసుకుని కాళ్ళ మీద పడితే చెల్లదు. మన పేట కట్టుబాటు నీకు తెలుసు, చిన్నప్పుడు చూసేవు. రేవులో జారిన మాట రేవులోనే వెనక్కి తీసుకోవాలి, పెద్దలు దాన్ని ఇంట్లో తేల్చుకోనివ్వరు. మీ సత్యం బాబాయ్ పడవ దగ్గర అన్న మాటకి పడవ దగ్గరే, అందరూ వల దులుపుతుంటే నిలబడి చెప్పుకున్నాడు. నువ్వు మైకులో అడిగేవు. మైకు నేను తేలేను. ఆదివారం మార్కెట్టుకి రా. తొమ్మిదింటికి కిక్కిరిసి ఉంటుంది. అక్క నీతో మాట్లాడుతుందని నేను హామీ ఇవ్వను.

నేను పక్కన నిలబడను. కొట్లోంచి చూస్తాను.

మావయ్య

—

నర్సాపురం,
అక్టోబరు 16

చిరంజీవి లోకనాథ్‌కి,

నువ్వు పన్నెండు గంటల బస్సెక్కి వెళ్ళిపోయేవు. ఆ తర్వాత జరిగింది నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

నువ్వు చేసింది చూసేను. చేపల నీళ్ళలో ఆ బూట్లతో నిలబడి, నేను సుబ్బాయమ్మ కొడుకుని, కాలేజీలో నలుగురి ముందు మా అమ్మని ఎవరో అన్నట్టు అడిగేను, తప్పు నాది అని మార్కెట్టంతా వినేలా చెప్పేవు. ఆ గొంతు నీకెక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. కాలేజీది కాదు. జనం ఒక్క నిమిషం నీ వైపు చూసి మళ్ళీ బేరాల్లో పడ్డారు. దానికి నువ్వు చిన్నబోయినట్టున్నావు. మరేం చేస్తారు, ఇక్కడ చప్పట్లు కొట్టరు. చేపలు ఎండకి ఆగవు.

అక్క నీ వైపు తిరగలేదు. కాస్త జరగండి సారూ, వెలుతురుకి అడ్డమొస్తున్నారు అంది. నువ్వు జరిగేవు. వెళ్ళిపోతావనుకున్నాను. వెళ్ళకుండా రెండు గంటలు ఆ ఎండలో నిలబడ్డావు. ఆవిడ ముందు తట్ట ఖాళీ అయితే తీసేవు, ఐసు తెచ్చేవు, ఆవిడ వద్దనలేదు, తెమ్మనీ అనలేదు. బస్సుకి టైమైందని నువ్వు చెప్పినప్పుడు కూడా పండుగప్ప పొలుసు తీస్తూనే ఉంది. నువ్వు వెళ్ళేటప్పుడు కూడా నేను కొట్లోంచి దిగలేదు.

నువ్వు సందు మలుపు తిరిగేక నేను అక్క దగ్గరికెళ్ళేను. ఆ పండుగప్ప ఒక బ్యాంకు మేడమ్‌ది. కొత్తగా బదిలీ మీద వచ్చిందట, మన ఊరు ఎరగదు, ఎవర్నీ ఎరగదు. ఇదంతా ఆవిడ నిలబడి చూసింది. చేప సంచీలో వేయించుకుని, ఎవరండీ ఆ అబ్బాయి, అంతసేపు నిలబడ్డాడు అని అడిగింది.

"నా కొడుకండి," అంది అక్క. "రాజమండ్రి కాలేజీలో పని చేస్తాడు."

ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. అక్క కత్తి కడుక్కుని, చేతులు కడుక్కుని, చెంగుకి తుడుచుకుని నా వైపు చూసింది.

"నా కొడుకని చెప్పడానికి ఎంతసేపు పట్టిందిరా నాకు?" అంది.

మావయ్య
పల్లంరాజు